బోల్టు పోయినా సరే, మర మిగలాలి

పాత కార్ల గురించి రాసేవాళ్లు ఇంజిన్ గురించీ, రంగు గురించీ, దొరకని విడిభాగాల గురించీ రాస్తారు. షెడ్డులో కాలాన్నీ డబ్బునూ ఎక్కువగా తినేది మాత్రం వీటన్నిటికన్నా ముందుండే పని, అంటే విప్పడం. ముప్ఫై, నలభై ఏళ్లుగా కదలని బోల్టును, దాని చుట్టూ ఉన్నదేదీ పాడవకుండా బయటికి తీయడంలోనే సగం శ్రమ ఉంటుంది. అక్కడ జరిగిన నష్టాన్ని పూడ్చుకోవడానికే తరవాతి బిల్లులో పెద్ద వాటా పోతుంది. మా ఇంట్లో ఉన్నది 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్ ఉన్న పాత అంబాసిడర్. ఉండేది విశాఖపట్నంలో. ఈ రెండు మాటలు చెబితే మిగతాది షెడ్డుల్లో తిరిగినవాళ్లు ఊహించుకోగలరు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. తుప్పు పట్టిన బోల్టు ఎదురైనప్పుడు మనం కాపాడుకోవలసింది బోల్టును కాదు, అది దిగి ఉన్న మరను, అంటే రంధ్రం లోపలి మెలికల గాడిని. బోల్టు హార్డ్‌వేర్ కొట్లో దొరుకుతుంది. ఇంజిన్ పైభాగమైన సిలిండర్ హెడ్డులోని మర ఏ కొట్లోనూ దొరకదు. ఈ మాటను కాదన్న మెకానిక్ నాకు ఇంతవరకూ తగల్లేదు. దీని ప్రకారం పని చేసేవాళ్లు మాత్రం చాలా తక్కువ మంది. కార్ల యజమానులమైన మనం కూడా అందుకు భిన్నంగా లేము. బోల్టు ఊడి వస్తే గెలిచినట్టూ, కోయవలసి వస్తే ఓడినట్టూ అనుకునే అలవాటు మనలో బలంగా ఉంది. ఆ అలవాటు వల్లే కోసి తీయవలసిన చోట లాగుతాం, ఆగవలసిన చోట కొడతాం.

ముందుగా తుప్పు ఎలా పట్టేస్తుందో చూడాలి. ఇనుము తుప్పుగా మారినప్పుడు అది ఆక్రమించే చోటు ఎంత తక్కువనుకున్నా రెండింతలవుతుంది, నీటిని పట్టుకున్న తుప్పయితే అంతకన్నా చాలా ఎక్కువే పెరుగుతుంది. బోల్టుకూ నట్టుకూ మధ్య మరల్లో ఉండే ఖాళీ వెంట్రుకవాసి మాత్రమే కాబట్టి, పెరిగిన ఆ పదార్థానికి పోయే దారి ఉండదు; అది అక్కడే ఒత్తుకుని రెండు లోహాలనూ ఒకదాని మీదికి ఒకటి నొక్కి పెడుతుంది. సముద్ర తీరంలో ఇది వేగంగా జరగడానికి కారణం ఉప్పు. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు తనంతట తానే నీటిని లాక్కుని ద్రవంగా మారుతుంది. విశాఖలో ఏడాదిలో చాలా నెలలు తేమ ఆ గీతకు అటూ ఇటూగానే ఉంటుంది కనుక, వాన పడకపోయినా, కారు గడప దాటకపోయినా బోల్టు తడిసే ఉంటుంది. అనంతపురంలోనో మహబూబ్‌నగర్‌లోనో వయసు మళ్లిన కారు అడుగుభాగాన్నీ, భీమిలి దారిలో తిరిగిన కారు అడుగుభాగాన్నీ పక్కపక్కన చూసినవాళ్లకు రెండూ ఒకే ఏటి బండ్లని నమ్మడం కష్టం. పాత అంబాసిడర్ కొనదలచినవాళ్లకు నేనిచ్చే సలహా ఇంజిన్ శబ్దం వినమని కాదు. కింద పడుకుని, వెనక ఇరుసును కమాన్ కట్టలకు (పట్టీ స్ప్రింగులకు) బిగించే యూ బోల్టులు చూడమని.

ఇక బలం సంగతి. ఎనిమిది మిల్లీమీటర్ల మందం ఉన్న 8.8 గ్రేడు (ఉక్కు బలాన్ని చెప్పే అంకె) బోల్టును సాధారణంగా పాతిక న్యూటన్ మీటర్ల (మెలిపెట్టే బలానికి కొలత) దాకా బిగిస్తారు. మెలిపెడుతూ పోతే అది 35, 40 న్యూటన్ మీటర్ల దగ్గర తెగిపోతుంది. బిగింపుకూ తెగడానికీ మధ్య ఉన్న ఎడం అంతే. ఇప్పుడు పానాకు రెండడుగుల పైపు తొడిగి, ఇరవై కిలోల బరువుతో లాగారనుకోండి. ఆ కొసన పడే మెలి దాదాపు 120 న్యూటన్ మీటర్లు. అది బోల్టు తెగడానికి కావలసినదానికి మూడింతలు. ఇందులో ఎవరి కండబలమూ గొప్పది కాదు. పైపు పొడవే ఆ పని చేస్తుంది. పైగా కొత్త బోల్టును బిగించేటప్పుడే మనం పెట్టే మెలిలో పదింట తొమ్మిది వంతులు తల కింది రాపిడికీ మరల రాపిడికీ పోతాయి, దాన్ని సాగదీసి పట్టు ఇచ్చేది మిగిలిన ఒక్క వంతే. తుప్పు ఆ రాపిడిని పెంచేస్తుంది. అప్పుడు మరల్లో కదలిక రాకముందే తల కింద కాడ మెలితిరిగి తెగుతుంది, అదీ సరిగ్గా ఉపరితలానికి సమానంగానో, ఇంకా దురదృష్టవంతులకు కాస్త లోపలికో.

అందుకే చేతికి తెలిసే ఒక తేడాను నేర్చుకోవాలి. పట్టు వదిలే బోల్టు కిర్రుమంటుంది, ఒక్కసారిగా చిన్నగా జారుతుంది, మళ్లీ పట్టుకుంటుంది. తెగబోయే బోల్టు శబ్దం చేయకుండా మెత్తగా, సాగుతున్నట్టుగా తిరుగుతుంది. ఆ మెత్తదనం తెలిసిన మరుక్షణం చేయి ఆపాలి. ఊడదీసే వైపు లాగేముందు కొద్దిగా బిగించే వైపు నొక్కి చూడటం, కదిలిన చోటి నుంచి ముందుకూ వెనక్కూ ఆడించడం, మధ్యలో తల మీద నిట్టనిలువుగా సుత్తితో గట్టి దెబ్బ వేయడం — ఇవన్నీ పాత మేస్త్రీలకు తెలిసినవే. నిలువు దెబ్బ మరల మధ్య ఉన్న తుప్పును పగలగొడుతుంది, నూనె దిగే దారి చేస్తుంది. నిలకడగా పైపుతో లాగడం కన్నా ఇంపాక్ట్ పానా కొట్టే పొట్టి దెబ్బలు మేలని నేననడానికి కూడా కారణం ఇదే. అది వేగం కోసం పుట్టిన పనిముట్టే అయినా, సరైన చోట, తగ్గించిన బలంతో వాడితే పైపు కన్నా సాధువు.

పానాల కొలతల దగ్గర మన షెడ్డుల్లో ఒక నిశ్శబ్దమైన నష్టం జరుగుతూ ఉంటుంది. అంబాసిడర్ 1950ల చివరి నుంచి 2014 దాకా పశ్చిమ బెంగాల్ ఉత్తరపారాలో తయారైన కారు, మూలం బ్రిటన్ కారు మారిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో శ్రేణి. కాబట్టి పాత పెట్రోల్ బండ్లలో బోల్టులు చాలావరకు అంగుళాల కొలతవి. 1990లలో అదే అంబాసిడర్‌లో వచ్చిన ఇసుజు ఇంజిన్ మిల్లీమీటర్ల కొలతది. ఫియట్ సంతతి అయిన ప్రీమియర్ పద్మిని మొదటి నుంచీ మిల్లీమీటర్లదే. మూడు బండ్లూ ఒకే షెడ్డుకు వస్తాయి, షెడ్డులో ఉండేది ఒక్క మిల్లీమీటర్ల సెట్టు. అయిదు పదహారో వంతు బోల్టుకు తల అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు, దానికి 13 పానా వేస్తారు. మిల్లీమీటరులో మూడు పదో వంతుల వదులు కొత్త బోల్టుకు ఏమీ చేయదు. తుప్పు తిని మూలలు అరిగిన తలకు మాత్రం అదే చాలు, రెండో లాగుకు తల గుండ్రమవుతుంది. తొమ్మిది పదహారో వంతు తల 14.29 మిల్లీమీటర్లు, దానికి 14 ఎక్కదు, 15 నిలవదు. ముప్పావు అంగుళం, 19 మాత్రం దాదాపు ఒకటే. అంగుళాల సాకెట్ల సెట్టు ఒకటి, అదీ పన్నెండు మూలలది కాకుండా ఆరు మూలలది, యజమానే కొని కారు డిక్కీలో ఉంచుకోవడం మంచిది. కారుతో పాటు పానాలు పంపిస్తే నొచ్చుకునే మెకానిక్‌లు ఉంటారు. నొచ్చుకోనివ్వండి.

నూనెల విషయంలో ఎవరి నమ్మకం వారిది. కిరసనాయిలు, డీజిలు, బ్రేక్ ఆయిలు, సగం అసిటోన్ సగం గేరు నూనె, సీసాల్లో అమ్మే స్ప్రేలు — దేనికదే భక్తులున్నారు. డబ్ల్యూడీ-40నే తీసుకుంటే, 1953లో అమెరికాలోని శాన్ డియాగోలో దాన్ని తయారుచేసింది నీటిని తరిమి తుప్పు పట్టకుండా చూడటానికి, పట్టేసిన బోల్టు ఊడదీయడానికి కాదు. ఆ కంపెనీయే దిగే నూనెను వేరే డబ్బాలో అమ్ముతుంది. అసిటోన్ మిశ్రమం నిలవ ఉంచితే విడిపోతుంది, వాడిన ప్రతిసారీ కలపాలి, రంగు మీద పడితే రంగు లేస్తుంది. నా అభిప్రాయంలో ఏ నూనె అన్నది చాలా చిన్న ప్రశ్న. వైరు బ్రష్షుతో పైనున్న తుప్పునూ, మట్టినీ, పాత రంగు పొరనూ తీసేశారా లేదా, ఒక్కసారి పోసి ఊరుకున్నారా లేక రోజూ పొద్దునా సాయంత్రం కాస్త కాస్త తడుపుతూ మధ్యలో సుత్తితో తట్టారా అన్నవి పెద్ద ప్రశ్నలు. రంగు కింద మూసుకుపోయిన మరలోకి ఎంత ఖరీదైన నూనె అయినా దిగదు.

ఇక్కడే అసలు చిక్కు ఉంది, అది లోహశాస్త్రానికి చెందినది కాదు. నూనెకు కావలసింది కాలం. పనికి ఇంత అని మాట్లాడుకునే షెడ్డులో కాలానికి కూలి లేదు. కారు నిలబడి ఉన్న జాగాకు అద్దె పడుతూ ఉంటుంది, వెనక మరో బండి కాచుకుని ఉంటుంది. "ఎందుకండీ నాన్చడం, గ్యాస్ పెడితే రెండు నిమిషాల్లో ఊడిపోద్ది సార్" అని మెకానిక్ అంటే అతనికి పని రాక కాదు, అతని లెక్కలో ఆ రెండు నిమిషాలే లాభం కనుక. హెడ్డు మర పాడైతే ఆ నష్టం యజమాని లెక్కలోకి వెళుతుంది, అతని లెక్కలోకి రాదు. మెకానిక్‌ల తొందర గురించి ఫిర్యాదు చేసే పాత కార్ల ప్రేమికులు ఈ లెక్కను మాట్లాడరు. నా పద్ధతి వేరు. ఏ భాగం విప్పించాలో ముందే తెలుసు కాబట్టి, కారు షెడ్డుకు వెళ్లకముందే ఇంటి దగ్గర ఆ బోల్టులన్నిటినీ శుభ్రం చేసి, రోజులకు రోజులు నానబెడతాను. షెడ్డులో కూడా ఒక మాట ముందే చెబుతాను: రాని బోల్టు దగ్గర ఆగి నాకు ఫోను చేస్తే, ఆగినందుకు కూలి ఇస్తాను. ఈ బేరం మొదట్లో వింతగా చూస్తారు. తరవాత ఫోన్లు వస్తాయి.

ఇప్పుడు నా వాదనకు ఆధారమైన సందర్భానికి వస్తాను. ఈ ఇంజిన్ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బి-సిరీస్ కుటుంబానిది. దాని పోత ఇనుము హెడ్డుకు ముందు వైపున థర్మోస్టాట్ (ఇంజిన్ వేడిని బట్టి నీటిని వదిలే కవాటం) మీద మోచేయిలా వంగిన ఒక ఎల్బో మూత ఉంటుంది, రేడియేటర్ పై పైపు దానికే తగులుతుంది. మా కారులో ఆ మూత అల్యూమినియం పోతది. హెడ్డులోంచి పైకి లేచిన ఉక్కు స్టడ్డులు (తల లేని బోల్టులు) ఆ మూత చెవుల గుండా వస్తాయి, పైన నట్లు. నట్లు మామూలుగానే ఊడతాయి, మూతే రాదు. ఉక్కు, అల్యూమినియం, మధ్యలో నీరు ఉంటే చిన్న బ్యాటరీ ఏర్పడి అల్యూమినియం కరుగుతుంది, కరిగినది తెల్లటి పొడిగా మారి స్టడ్డు చుట్టూ ఉన్న ఖాళీని సిమెంటు పోసినట్టు నింపేస్తుంది. మన దగ్గర రేడియేటర్లో కూలెంట్ పోయకుండా కుళాయి నీళ్లు పోసే అలవాటు దీనికి ఎరువు. బ్రిటన్‌లో ఎంజీబీ అనే పాత స్పోర్ట్స్ కారు నడిపేవాళ్లకూ ఇదే తలనొప్పి ఉంది, ఆ కారులో 1798 సీసీ ఇంజిన్ కూడా ఈ కుటుంబానిదే కాబట్టి.

ఈ మూత దగ్గర షెడ్డులో సహజంగా జరిగేది ఏమిటంటే, మూతకూ హెడ్డుకూ మధ్య స్క్రూడ్రైవరు దూర్చి ఎత్తుతారు, హెడ్డు ముఖం మీద గీత పడుతుంది, ఇక ఎంత గాస్కెట్ పేస్టు పూసినా అక్కడ నీరు కారుతూనే ఉంటుంది. లేదా మూతను పట్టుకుని అటూ ఇటూ మెలిపెడతారు, స్టడ్డు హెడ్డులో తెగుతుంది. ఎందుకిలా? మూతను కాపాడాలన్న ఆలోచనతో. కానీ మూత ఖరీదు ఎంత, హెడ్డు ఖరీదు ఎంత? అంబాసిడర్ విడిభాగాలు అమ్మే ఏ పాత కొట్లోనైనా ఆ మూత దొరకడానికి అవకాశం ఉంది. హెడ్డు విప్పి, లేతు పనివాడి దగ్గరికి మోసుకెళ్లి, తెగిన స్టడ్డును డ్రిల్లు చేయించి, కొత్త గాస్కెట్‌తో మళ్లీ ఎక్కించడం అంటే పని ఒకటికి పదవుతుంది. ఈ రెండు ఖరీదులనూ పక్కపక్కన పెట్టుకున్నవాడికి నిర్ణయం తేలికే. ముందు చెవుల్లోకి నూనె దింపి, కొయ్య సుత్తితో పక్కల నుంచి తట్టి, మూత మీద మరిగే నీళ్లు పోసి చూడాలి. అల్యూమినియం వేడికి ఉక్కుకు దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది కాబట్టి రంధ్రం స్టడ్డు కన్నా కాస్త ఎక్కువ పెరుగుతుంది. ఎనిమిది మిల్లీమీటర్ల రంధ్రంలో డెబ్బై డిగ్రీల వేడికి వచ్చే ఎడం మిల్లీమీటరులో వందో వంతు కూడా ఉండదు, అయినా ఆ తెల్లపొడి పట్టును చీల్చడానికి ఒక్కోసారి అది సరిపోతుంది. దానికీ రాకపోతే, హాక్సా బ్లేడుతో మూత చెవులను బయటి అంచు నుంచి స్టడ్డు దాకా కోసి, ఆ కోతలో ఉలి పెట్టి విచ్చదీయాలి. మూత ముక్కలవుతుంది. స్టడ్డులు నిలబడే ఉంటాయి, హెడ్డు చెక్కుచెదరదు. ఇది ఓటమి అనేవాళ్లతో నాకు మాటలు లేవు.

వేడి గురించి మాట్లాడేటప్పుడు గ్యాస్ టార్చిని నేను తిట్టడం లేదు, దాన్ని మొదటి ఆయుధంగా వాడటాన్ని తిడుతున్నాను. ఉక్కు డిగ్రీకి పది లక్షల వంతుల్లో 12 వంతులు పెరుగుతుంది. పది మిల్లీమీటర్ల నట్టును రెండువందల డిగ్రీలు వేడి చేస్తే రంధ్రం పెరిగేది 0.024 మిల్లీమీటర్లు. అది వినడానికి ఏమీ కాదు గానీ, తుప్పు పొర పగలడానికి చాలు. అందుకని వేడి చేయవలసింది నట్టును, బోల్టును కాదు. బోల్టు కూడా అంతే వేడెక్కితే అది కూడా ఉబ్బి లాభం పోతుంది. నట్టును వేడి చేసి, మంట తీసి, దాని అంచుకు కొవ్వొత్తిని తాకించడం నాకు అన్నిటికన్నా ఇష్టమైన పద్ధతి. కరిగిన మైనం వేడి వైపు తనంతట తాను మరల్లోకి పాకిపోతుంది, స్ప్రే నూనెలా భగ్గుమని అంటుకుని మొహం మీదికి రాదు. చల్లారనిచ్చి మళ్లీ వేడి చేయడం వల్ల కూడా పట్టు సడలుతుంది కనుక, ఎర్రగా కాల్చవలసిన అవసరం చాలా అరుదుగానే పడుతుంది.

ఎర్రగా కాల్చిన బోల్టును మళ్లీ బిగించకూడదు. 8.8 గ్రేడు బోల్టుకు ఆ బలం కాల్చి చల్లార్చి, తరవాత 425 డిగ్రీలకు తగ్గకుండా మళ్లీ వేడి చేసి పదును పెట్టడం వల్ల వచ్చింది. అంతకన్నా బాగా ఎక్కువ వేడి తగిలితే ఆ పదును పోతుంది, చూపుకు మాత్రం ఏ తేడా కనపడదు. స్టీరింగ్, బ్రేకు, సస్పెన్షన్ దగ్గర అలాంటి బోల్టు మళ్లీ కనపడటం నేను క్షమించలేను. బ్రేక్ క్లీనర్ స్ప్రే కొట్టిన చోట టార్చి పెట్టడం ఇంకా ప్రమాదం, వాటిలో క్లోరిన్ ద్రావకాలున్న రకాలు వేడికి ఫాస్జీన్ అనే విషవాయువుగా మారతాయి. జింకు పూత ఉన్న నట్టును కాలిస్తే వచ్చే తెల్లపొగ జ్వరం తెప్పిస్తుంది. పెట్రోలు ట్యాంకు, పైపులు, గ్యాస్ కిట్టు సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఈ కారు ముందు సస్పెన్షన్లో టోర్షన్ బార్లు ఉంటాయి, వాటిలో మెలిపెట్టిన బలం నిలవ ఉంటుంది. ఆ బలాన్ని విడిపించకుండా అక్కడి బోల్టును కోయడానికి ఎవరైనా గ్రైండర్ తీస్తే పక్కన నిలబడకండి.

కోత గురించి. వెనక కమాన్ కట్టల యూ బోల్టులు విశాఖ బండ్లలో సగం తినేసి ఉంటాయి. వాటి నట్లను నానబెట్టి, వేడి చేసి, మైనం రాసి ఊడదీసి సాధించేదేమీ లేదు. యూ బోల్టులు ఎలాగూ కొత్తవే వేయాలి, లారీల కమాన్లు చేసే ఏ కొట్టులోనైనా కొలత ఇస్తే వంచి మర కోసి ఇస్తారు. ఇరుసుకు జాకీ ఆనించి, కట్టల బరువు దించి, గ్రైండర్‌తో కోసేయడమే సరి. సైలెన్సర్ పైపు నట్లదీ ఇదే లెక్క: నట్టు ఒక ముఖం మీద ఉలి పెట్టి చీలిస్తే, లేదా మరను తాకకుండా అంచు దాకా కోసి విచ్చదీస్తే, స్టడ్డు బతుకుతుంది. నట్టును చంపి స్టడ్డును బతికించడం, స్టడ్డును చంపి హెడ్డును బతికించడం — ఏ మెట్టు దగ్గర ఆగగలమన్నదే లెక్క.

స్టడ్డు ఇప్పటికే తెగిపోయి ఉంటే, తెగిన మొదలు కొద్దిగానైనా పైకి ఉంటే, దాని మీద నట్టు పెట్టి నట్టు లోపల వెల్డింగ్ చేయించడమే ఉత్తమం. వెల్డింగ్ వేడి తుప్పును పగలగొడుతుంది, పానాకు కొత్త తల దొరుకుతుంది, పైగా మామూలు రాడ్డు పోత ఇనుముకు సరిగ్గా అతకదు కాబట్టి చిమ్మిన చుక్కలు హెడ్డుకు అంటుకునే భయమూ తక్కువ. ఒక్కసారికి రాకపోతే మళ్లీ చేయవచ్చు. ఇంకొక పనిముట్టు ఉంది, బోల్టు మధ్యలో రంధ్రం చేసి ఎడమ మరతో దింపి తిప్పే ఎక్స్‌ట్రాక్టర్. ఇది ఆన్‌లైన్లో చవకగా దొరకడం మన దురదృష్టం. కాడ మొత్తంగా ఉన్నప్పుడే రాని బోల్టు, దాని మధ్యలో సన్నటి రంధ్రం చేసి అంతకన్నా సన్నటి కడ్డీతో తిప్పితే ఎలా వస్తుంది? సాధారణంగా ఆ కడ్డీయే లోపల విరుగుతుంది. అది గట్టి ఉక్కు, మామూలు డ్రిల్లు బిట్టుకు లొంగదు. ఆ తరవాత హైదరాబాదు బాలానగర్ వంటి చోట టూల్ రూములో స్పార్క్ ఎరోషన్ (విద్యుత్ నిప్పురవ్వలతో లోహాన్ని తినిపించే) యంత్రం మీద కరిగించడమే గతి. దానికన్నా తెగిన ముఖాన్ని ఆకురాయితో చదును చేసి, సరిగ్గా నడిమధ్యలో పంచితో గుంట పెట్టి, ఎడమ వైపు తిరిగే బిట్టుతో సన్నగా మొదలుపెట్టి పెంచుకుంటూ పోవడం మేలు. చాలాసార్లు ఆ ఎడమ తిప్పుడికే ముక్క కదిలి బయటికి వస్తుంది. రాకపోయినా, రంధ్రం నడిమధ్యన ఉంటే పాత మరలో మిగిలిన బోల్టు పలుచటి పొరను గుచ్చి తీసేయవచ్చు. నడుమ తప్పితే మాత్రం హెడ్డు మర పోతుంది, హెలికాయిల్, అంటే కొత్త మరగా పనిచేసే తీగచుట్ట, వేయించుకోవాలి.

నా వాదనకు ఎదురు వచ్చే మాట ఒకటుంది, దాన్ని తేలిగ్గా కొట్టేయలేను. పాత కారు విలువ దాని అసలుతనంలో ఉందనీ, తల మీద తయారీదారు గుర్తు ఉన్న బోల్టును కోసి కొత్తది వేస్తే కారు కొద్దికొద్దిగా వేరే కారు అవుతుందనీ కొందరంటారు. 2021 జూలైలో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనలు కూడా యాభై ఏళ్లు దాటిన బండి అసలు రూపంలో ఉండాలంటాయి. అయితే ఆ నిబంధనలు పట్టించుకునేది ఛాసిస్, బాడీ, ఇంజిన్లలో మార్పులను; యూ బోల్టు నట్టును కాదు. కంటికి కనపడే చోట, బరువు పడని చోట పాత బోల్టునే శుభ్రం చేసి వేయడం నాకూ ఇష్టమే. తుప్పు తిని కాడ సన్నబడ్డ బోల్టును అసలుతనం పేరుతో సస్పెన్షన్లో ఉంచడం మాత్రం భక్తి కాదు, నిర్లక్ష్యం. ఇక్కడొక మినహాయింపు ఉంది. బోల్టే దొరకనిదైతే లెక్క తిరగబడుతుంది. భుజం ఉన్న ప్రత్యేకమైన బోల్టులు, కమాన్ షాకిల్ పిన్నులు, నూనె దారి ఉన్న బాంజో బోల్టులు — వీటి కోసం వారాల తరబడి నానబెట్టడంలో అర్థం ఉంది. అలాంటివాటి నట్టును కోసి, పిన్నును కాపాడాలి.

బాడీ షీటు వెనక పంజరంలో కూర్చున్న కేజ్ నట్ల సంగతి ఒక్క మాటలో ముగిస్తాను: బోల్టుతో పాటు నట్టూ తిరగడం మొదలైతే, లోపలికి చేయి పోని చోట తల కోసేయడం తప్ప ఇంకే యుక్తీ కాలం వృథాయే.

విడిగా వచ్చిన పెద్ద ముక్కల తుప్పు వదిలించడానికి మన ప్రాంతంలో చవకగా దొరికేది ఒకటుంది, చక్కెర మిల్లుల మొలాసిస్, అంటే చెరకు మడ్డి. ఒక పాలు మొలాసిస్‌కు తొమ్మిది పాళ్లు నీళ్లు కలిపి డ్రమ్ములో ఇనుప భాగాలను ముంచి ఉంచితే, రెండు మూడు వారాల్లో తుప్పు ఊడి వస్తుంది, మంచి లోహం జోలికి అది పెద్దగా పోదు. ఆస్ట్రేలియాలో పాత కార్లవాళ్లు దీన్ని ఎంతో కాలంగా వాడుతున్నారు. అల్యూమినియం, జింకు పోతలను మాత్రం అది తినేస్తుంది, కార్బురేటర్ని అందులో వేయకూడదు. ఇరుగుపొరుగు వాసనకు ఏమంటారన్నది మీ ఇష్టం.

తిరిగి బిగించేటప్పుడు మరలను శుభ్రం చేయడానికి కొత్తగా మరలు కోసే ట్యాపు అనే పనిముట్టును వాడితే అది మంచి లోహాన్ని కూడా కొంత గీకేస్తుంది. అదే కొలత పాత బోల్టు కాడ మీద నిలువుగా రెండు గాట్లు కోసి, నూనె రాసి దింపి తీస్తే చెత్త ఆ గాట్లలోకి వస్తుంది, మర అలాగే ఉంటుంది. వేడి తగిలే చోట రాగి కలిసిన గ్రీజు పూయాలి. గ్రీజు ఉన్న మర తక్కువ మెలికే ఎక్కువ బిగుసుకుంటుంది కాబట్టి పొడి మరకు మాన్యువల్ ఇచ్చిన అంకె కన్నా తగ్గించి బిగించాలి. చక్రాల నట్లకు మాత్రం ఈ గ్రీజు పూయను. మానిఫోల్డ్ కింద సైలెన్సర్ ఫ్లాంజికి ఇత్తడి నట్లు వేస్తే అవి స్టడ్డుకు తుప్పుతో అతుక్కోవు. స్టెయిన్‌లెస్ బోల్టులంటే తీరంలో అందరికీ మోజు. అవి తుప్పు పట్టవు నిజమే, కానీ స్టెయిన్‌లెస్ నట్టు స్టెయిన్‌లెస్ బోల్టు మీద గ్రీజు లేకుండా తిరిగితే ఒకదానికొకటి గీసుకుని బిగుసుకుపోతాయి, అల్యూమినియంలో వేస్తే అల్యూమినియాన్ని మామూలు ఉక్కు కన్నా త్వరగా తినిపిస్తాయి. థర్మోస్టాట్ మూత స్టడ్డులకు నేను మామూలు ఉక్కే వేయించి, మూత చెవుల్లోపల గ్రీజు పూయించి, రేడియేటర్లో కూలెంట్ పోయించాను. వర్షాలకు ముందు ఏటా ఆ నట్లు తీసి, మూతను కొద్దిగా ఎత్తి, మళ్లీ కొత్త గాస్కెట్‌తో దించడం ఇప్పుడు ఆయిల్ మార్చడంతో పాటు చేసే పని. గాస్కెట్ ఖరీదు తప్ప దానికి ఇంకేమీ కాదు.